తేమ పోను

బాదేపల్లి మార్కెట్ యార్డుల
మా నాయిన దడువాయి.
కాంటా ముల్లును మొదట నమ్మేవాడు కాదు.
కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి
అడుగు నుంచి గుప్పెడు పల్లికాయ తీసి
చెవి దగ్గర ఆడించేవాడు.
గలగలమంటే సరే.
మూగగా ఉంటే
"నీళ్లు తూగుతున్నయి" అనేవాడు
రైతు మొహం చూడకుండా.

నేను జిన్నింగు మిల్లులో లెక్కలు రాస్తాను.
శనివారం షట్టర్ దించినంక
రెండొందల పేజీల నోట్‌బుక్కులో
రెండు అంకెలు దింపుకుంటాను.
దేశంలో షేర్లున్న కంపెనీలన్నీ
ఇవాళ అమ్మితే ఎంతనో, అది పైన.
జేబుల్లో, ఖాతాల్లో, డిపాజిట్లలో
ఉన్న పైసలన్నీ పోగేస్తే ఎంతనో, అది కింద.
నడుమ అడ్డగీత.
భాగిస్తే వచ్చేది చిన్న అంకె,
చుక్క తర్వాత రెండు స్థానాలు చాలు.
టీవీలో ఎవరూ దాన్ని అరవరు.

పన్నెండేళ్ల శనివారాలు.
ఎర్ర పెన్నుతో సెన్సెక్స్ గీస్తే
మన్యంకొండ మెట్లు ఎక్కినట్టే ఉంటుంది,
ఆయాసపడి ఆగినా పైకే.
నీలం పెన్నుతో నా అంకె గీస్తే
దుందుభి వాగు.
ఓ యాడాది ఒడ్డు ఒరుసుకుంటుంది,
ఓ యాడాది ఇసుకే.

మొన్న ఎండాకాలం
యార్డు ఆడోళ్ల పొదుపు సంఘం వచ్చింది.
సంచులు కుట్టేటోళ్లు, రాలిన గింజ ఊడ్చేటోళ్లు,
పదిహేడు మంది.
నా మాట మీద ఫండ్‌లో వేసిన పైసలు
రెట్టింపు చూపిస్తున్నాయని
ఒక్క ఫోను చుట్టూ అందరూ.
"డబులైనయంట గదా బిడ్డా, ఇగ తీసుకుందమా?"
మొగులమ్మ అప్పటికే మనసులో
రేకుల షెడ్డు వేసేసింది.

నోట్‌బుక్ తెరిచి
నాయిన భాషలో చెప్పాను.
బస్తా బరువెక్కింది నిజమే,
కానీ గోదాము గాలే తడిసి ఉంది.
మీ బస్తా తాగింది,
పక్క బస్తా తాగింది,
జాగ గజం రేటు తాగింది, ఇంటి కిరాయి తాగింది.
తేమ పోను మీకు పెరిగింది
రూపాయికి మూడణాలు.

మొగులమ్మ షెడ్డు రేకులు
ఒక్కొక్కటే దించుకుంటోంది.
కుర్మమ్మ మాత్రం
సంచి కుట్టే దబ్బనం కొప్పులో గుచ్చుకుని
"గా కింది అంకెతోటి
మా బస్తా కూలి గూడ ఇరిసి సూడు" అంది.

పన్నెండేళ్లు.
కంపెనీలను ఆరబెట్టాను, బంగారాన్ని ఆరబెట్టాను,
ఓ వానాకాలం ఏం తోచక
మా ఓనరు కారు ధరను కూడా ఆరబెట్టాను.
కూలిని ఎండకు తేలేదు.

యూనియన్ రేటు కాగితాలు
నాయిన ట్రంకు పెట్టెలో దొరికాయి,
కలరా ఉండల వాసనతో.
మూడో రంగు పెన్ను లేదు,
పెన్సిల్‌తో గీశాను.
రేటు మారిన ప్రతిసారీ
ఓ చిన్న మెట్టు ఎక్కి, అక్కడ నిలవలేక
జారి, మళ్లీ ఎక్కి, ఇంకా కిందికి జారి
పేజీ అడుగున
పిన్ను తుప్పు మరక దగ్గర ఆగింది.

"అయితే మా దాంట్ల తేమ లేదు" అంది కుర్మమ్మ.
"గింజ గూడ లేదు" అని వెనక ఎవరో.
నవ్వారు. నేను నవ్వానో లేదో గుర్తులేదు.

సగం తీసుకున్నారు, సగం ఉంచారు.
అది మంచిదా అని అడిగితే
నా నీలం గీత చెప్పదు,
ఇప్పుడు ఎంత తడిసి ఉందో చెబుతుంది గానీ
ఎప్పుడు ఎండ కాస్తుందో చెప్పదు.

పోతూ పోతూ కుర్మమ్మ
ఆ పెన్సిల్ పేజీ చింపి ఇమ్మంది.
చదువు రాదు ఆమెకు.
గీత ఎటు పోతోందో చూడ్డానికి చదువెందుకు.
సోమవారం అడ్తిదార్లతో కూలి రేట్ల మీటింగు.
నాలుగు మడతలు పెట్టి రైకలో దోపుకుంది.

నోట్‌బుక్కులో ఆ చోట
చిరిగిన అంచు మిగిలింది.
శనివారం లోపల
ఇంకో పెన్ను కొనాలి.
ఏ రంగో ఇంకా అనుకోలేదు.